మరిడమ్మ ఇల్లు కడిగిన ఆదివారం

ముక్కు ముఖానికి అందమని కొందరంటారు, వాసన చూడ్డానికని కొందరంటారు. ఆ ఆదివారం పొద్దున్న మరిడమ్మకి మాత్రం తన ముక్కు రెండో పనికి చచ్చినా పనికిరాదని తెలిసిపోయింది. గోడకి ఆనించి చూసింది. తలుపు చాటున పెట్టి చూసింది. మోకాళ్ళ మీద వంగి, గచ్చు దగ్గరికి ముఖం తీసుకెళ్ళి, గుండెల నిండా గాలి పీల్చి చూసింది. ఏమీ తగల్లేదు. ఇల్లు ఇల్లులాగే ఉంది. కానీ ఇంట్లో నీచు వాసన ఉందని ఎవరో ఇంటామె చెవిన వేశారు. ఆ ఇంటామె సాయంత్రానికి రాజాం నుంచి బస్సెక్కి వస్తోంది.

ఇంటామె పేరు నారాయణమ్మ. వరి పండించుకునే కుటుంబం. ఎచ్చెర్లలో స్థలాలు అందుబాటులో ఉన్న రోజుల్లో కాస్త జాగా కొని, ఒకే కప్పు కింద రెండు వాటాలు వేసి అద్దెకిచ్చింది. ముందురోజు ఫోన్ చేసి ఆమె పెద్దగా ఏమీ మాట్లాడలేదు.

"మరిడమ్మా, ఇంట్లోన ఎండుసేపలెట్టినావంట గదా. గోడకి అవతలోళ్ళు ఉండనేకపోతన్నారంట. రేపు సాయంత్రం నానే వస్తన్నాను. వాసనుంటే మాత్రం కాళీ సేసీమంటాను. తరవాత నన్నేటీ అనుకోకు" అంది. ఇవతలి మాట వినకుండానే పెట్టేసింది.

అప్పటి నుంచి మరిడమ్మ కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. పడుకుంటే వానలోంచి తెచ్చిన గంపలే కళ్ళ ముందు కనపడ్డాయి. కూతురు హేమ ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఆఖరి ఏడు చదువుతోంది. పరీక్షలు ఈ నెలలోనే ఉన్నాయి. ఇప్పుడు ఈ ఇల్లు పోతే మళ్ళీ వాళ్ళ ఊరి నుంచి తిరగాలి. సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊరికి వేళకి బస్సుండదు, వచ్చిన ఆటో నిండితే గాని కదలదు. మొదటి ఏడు అలా తిరిగే హేమ సగం క్లాసులు పోగొట్టుకుంది.

ఇంకో ఇల్లు చూసుకోవచ్చు కదా అని అనడం సులువే. ఈ ఇల్లు దొరక్క ముందు తల్లీకూతుళ్ళు తిరగని సందు లేదు. గేటు తీసినవాళ్ళు ముందు ఇల్లు చూపించేవారు, ఆ తర్వాత "మీరెవుళ్ళు?" అని అడిగేవారు, ఆ తర్వాత "ఏటి పని సేస్తారు?" అనేవారు. ఎండుచేపల మాట వినగానే, నిన్ననే ఎవరో మాట ఇచ్చి వెళ్ళారని వాళ్ళకి గుర్తొచ్చేది. ఒక్క నారాయణమ్మే అలా అనలేదు. "మీ యాపారం మీది. సరుకు మాత్రం గుమ్మం దాటి లోపలికి రాకూడదు" అంది. మరిడమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకొని గంగమ్మతల్లి మీద ప్రమాణం చేసింది.

చేసిన ప్రమాణం చాలాకాలం నిలబెట్టుకుంది కూడా. సరుకంతా హైవే పక్కన తాతమ్మ పాకలో ఉండేది. తాతమ్మ కూడా చేపలమ్మే మనిషే, వరసకి మరిడమ్మకి పిన్ని. పొద్దున్నే అక్కడికి వెళ్ళి గంప నెత్తికెత్తుకొని ఊళ్ళ మీద పడేది, మధ్యాహ్నానికి గంప అక్కడే దించి చేతులూపుకుంటూ ఇంటికొచ్చేది. పోయిన వారం వాయుగుండం పట్టింది. గాలికి తాతమ్మ పాక మీది రేకులు లేచిపోయాయి. అప్పుడే తెచ్చిన ఎండు నెత్తళ్ళు, కవళ్ళు, రొయ్యపప్పు వానలో తడుస్తుంటే మరిడమ్మ ప్రాణం ఒప్పలేదు. ఆటోలో వేయించి తెచ్చి వెనక గదిలో హేమ మంచం కింద సర్దింది. ఎండిన చేప వాసన ఒక రకం, ఎండి మళ్ళీ తడిసిన చేప వాసన ఇంకో రకం. వాన తగ్గేదాకా ఆ గంపలు అక్కడే చెమ్మగిల్లి, కింద నీరు కార్చుకుంటూ కూర్చున్నాయి. తగ్గాకే తిరిగి పాకకి వెళ్ళాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అనలేదు పెద్దలు. అయితే ఆ పెద్దలకి వానలో తడిసే సరుకు ఉండి ఉండదు.

నిజానికి హేమ ముందురోజు సాయంత్రమే కడగడం మొదలుపెట్టింది. కొట్టుకెళ్ళి ఫినాయిల్ సీసా తెచ్చి, ఇల్లంతా ఒంపేసి, గదికో అగరొత్తి కట్ట వెలిగించింది. తల్లికి కళ్ళు మండాయి. గోడ అవతలి నుంచి దగ్గు వినిపించింది. అగరొత్తి పొగలో ఫినాయిలు, ఫినాయిల్లో చేప కలిసి ఎలా ఉంటాయో ఆ దగ్గు విన్నవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు.

"ఆపవే తల్లీ" అంది మరిడమ్మ. "గుళ్ళోన సేప కోసినట్టున్నాది. రేపు తెల్లారీసరికి నాను కడుగుతాను. సేప సంగతి నాకు తెల్దా?"

తెలుసు. చేప కోసిన చేతికి చింతపండూ ఉప్పూ, చేప కోసిన బండకి బూడిదా నిమ్మచెక్కా. పుట్టింట్లో తల్లి చేసిందీ అదే, అత్తింట్లో తను చేసిందీ అదే. ఇప్పుడు ఇంట్లో చూస్తే పులుసు కోసం దాచిన పాత చింతపండు ఉండ ఉంది. రాళ్ళుప్పు జాడీ ఉంది. పెరట్లో నీళ్ళు కాగే పొయ్యి నిండా బూడిద ఉంది. వాడిపోయిన నిమ్మకాయలు కాసిని ఉన్నాయి. కొండచీపురు, పుల్లల చీపురు, కొబ్బరిపీచు. ఇంకేం కావాలి, రాజుల కోటలే కడగొచ్చు.

తెల్లారేసరికి తల్లీకూతుళ్ళు ఇంట్లో ఉన్నదంతా వాకిట్లోకి చేరేశారు. మంచం, ట్రంకుపెట్టె, బియ్యం డబ్బా, గ్యాసు పొయ్యి, హేమ పుస్తకాలు, బొంతలు. బయట పడేసరికి అవన్నీ కలిపి ఇంతేనా అన్నట్టు కనిపించాయి. సందులో పోయేవాళ్ళు ఆగి చూశారు. మరిడమ్మ ఎవరి వంకా చూడలేదు. చీర బిగించి, కొండచీపురుతో పైకప్పు బూజు దులిపింది. చింతపండు నానేసి, ఆ పులుపులో ఉప్పు కలిపి, కొబ్బరిపీచుతో గచ్చు మీద పడింది. మూల మూలకీ బూడిద చల్లి తోమింది. బోరింగు కొట్టి కొట్టి హేమ అరచేతులు ఎర్రబడ్డాయి. బిందెలకి బిందెలు గుమ్మరించారు. పుల్లల చీపురుతో నీళ్ళు తోస్తుంటే అవి నల్లగా పోయి, బూడిదరంగులో పోయి, చివరికి తేటగా పోయాయి.

గచ్చు మెరిసింది. చూడ్డానికి ఎంత బాగుంటే ఏం లాభం? వచ్చేది కళ్ళతో చూడ్డానికి కాదు కదా. మరిడమ్మ మళ్ళీ మోకాళ్ళ మీద వంగింది. మళ్ళీ ఏమీ తగల్లేదు. కడగక ముందు తగలని వాసన కడిగాక తగలకపోతే అది పోయినట్టా, ఉన్నట్టా?

"ఏమే, ఇలగ వచ్చి నువ్వొకసారి సూడు" అంది హేమతో.

హేమ వచ్చి గాలి పీల్చింది. "నాకేటీ తెల్లేదు."

"సరిగ్గా సూడవే."

"ఎంత సూసినా అంతేనమ్మా. నీ కడుపున పుట్టిన ముక్కే గదా ఇదీను." అని ఊరుకుంటే బాగుండేది. చేతుల మంటో, పరీక్షల దిగులో, ఇంకో మాట కూడా అనేసింది. "బస్సులోన నా పక్కన సీటు కాళీగా ఉంటాది. ఎందుకో నాకూ శానాళ్ళు తెల్లేదు. ఒకర్తి సెప్తే తెలిసింది."

మరిడమ్మ చేతిలో పీచు అలాగే ఉండిపోయింది. కూతురి బట్టలు విడిగా ట్రంకుపెట్టెలో పెట్టి, కలరా ఉండలు వేసి, తన చీర అంచు కూడా తగలకుండా చూసుకుంది ఇన్నేళ్ళూ. అది చాల్లేదన్నమాట. కడిగిన మూలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

మరిడమ్మ పుట్టింది సముద్రం ఒడ్డున, పెళ్ళాడింది సముద్రం మీద బతికేవాణ్ణి. మొగుడు గంగులు గుజరాత్ బోట్ల మీద పనికి పోతాడు, ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే. ఇక్కడ సంసారం లాగేది మరిడమ్మే. గౌనేసుకునే వయసులోనే తల్లి వెనక గంప మోయడం మొదలుపెట్టింది. నెత్తళ్ళు వంకాయలో వేసి వండని ఇల్లు ఈ చుట్టుపక్కల ఉంటే చూపించండి చూద్దాం. సందు మొదట్లో ఆమె కేక వినపడితే గిన్నె పట్టుకొని బయటికి రానిదెవరు? తినడానికి నోరు తెరుస్తారు, అమ్మేమనిషి అరుగెక్కితే ముక్కు మూస్తారు. ఆ నోరూ ఈ ముక్కూ ఒకే ముఖం మీద ఎలా ఇముడుతున్నాయో దేవుడికే తెలియాలి. ఇన్నేళ్ళలో మరిడమ్మ ఎందరి వాకిళ్ళలో నిలబడిందో లెక్కే లేదు. ఒక్కరి గడప కూడా దాటలేదు. దాటాలని అనుకోనూ లేదు. తనకంటూ ఒక గడప దొరికాక, దాని మీద పసుపు రాసి బొట్టు పెట్టి, మురిసిపోయి దాటింది. అందుకే ఈ ఇల్లు పోతే ఒక్క హేమ చదువే కాదు పోయేది.

పొద్దెక్కింది. నారాయణమ్మ మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరినా దీపాల వేళలోపే దిగిపోతుంది. మరిడమ్మ ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగింది. తాతమ్మని పిలుద్దామనుకుంది. తాతమ్మ ముక్కు తనకంటే ఘనమైనదా? చేపల్లోనే పుట్టి పెరిగిన ముక్కు అది. తన వాళ్ళలో ఎవర్ని తలుచుకున్నా అదే గొడవ. ఈ ఇంట్లో వాసన ఉందో లేదో చెప్పగల ముక్కు ఈ సందులో ఒక్కటే ఉంది. అది గోడ అవతల ఉంది. ఫోన్ చేసి చాడీ చెప్పిందీ అదే.

అవతలి వాటాలో ఉండేది సుహాసిని. బొబ్బిలి వాళ్ళమ్మాయి, ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త వారానికోసారి వచ్చి పోతాడు. ఎదురుపడితే పలకరింపుగా నవ్వుతుంది, నవ్వుతూనే పక్కకి తప్పుకుంటుంది. వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడంటారు. అక్కడ గాడిద అరిస్తే బిడ్డ ప్రాణం పోతుంది, ఇక్కడ టీచరమ్మ ముక్కు చిట్లిస్తే బిడ్డ చదువు పోతుంది. మరిడమ్మ చేతులు తుడుచుకొని వెళ్ళి, ఆ గుమ్మానికి దూరంగా వాకిట్లోనే నిలబడింది.

"టీచరమ్మా, ఒకసారి మా ఇంట్లోకి రావాల."

సుహాసిని ముఖం తెల్లబోయింది. పోట్లాటకి పిలుస్తోందనుకుంది కాబోలు. "నేను... నారాయణమ్మగారు అడిగితే చెప్పానండీ. నాకు వాంతులవుతున్నాయి. మూడో నెల. ఏ వాసనా పడట్లేదు. మీ మీద కోపంతో కాదు."

"నాను తగువుకి రానేదమ్మా." మరిడమ్మకి ఆమె కడుపు సంగతి అప్పుడే తెలిసింది. అయ్యో అనిపించింది, ఆ వెంటనే ఇంతకంటే నికార్సయిన ముక్కు ఎక్కడ దొరుకుతుందనీ అనిపించింది. "మాకు మా వాసన తెల్దు. ఇల్లంతా కడిగినాను. పోయిందో నేదో నువ్వు సెప్తే గాని నాకు తెలీదు. నీకు పడకపోతే గుమ్మంకాడే నిలబడు, సాలు."

సుహాసిని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకొని వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, కొంగు మెల్లిగా తీసింది. మరిడమ్మ, హేమ ఊపిరి బిగబట్టి ఆమె ముక్కు పుటాల వంకే చూశారు. పరీక్ష రాసే పిల్లల్ని చూసే మనిషి, ఇప్పుడు తనే పరీక్ష రాస్తున్నదానిలా ఇబ్బంది పడింది.

"ముందుగదిలో లేదండీ" అంది. వెనక గది దగ్గరికి రాగానే ముఖం చిట్లించింది. "ఇక్కడ ఉంది. ఆ తలుపు దగ్గర."

తలుపు కింది చెక్క నీళ్ళు పీల్చి ఉబ్బి ఉంది. గంపలు జరిపినప్పుడల్లా దానికే తగిలాయి. మరిడమ్మ బూడిదలో నిమ్మరసం పిండి, ఆ ముద్ద చెక్కకి పట్టించి, నిమ్మచెక్కతోనే రుద్దింది. సుహాసిని బయటికెళ్ళి గాలి పీల్చుకొని మళ్ళీ వచ్చింది. ఈసారి నీళ్ళు పోయే తూము చూపించింది. హేమ పుల్లతో దాన్ని గెలికితే తొక్కుడుపడ్డ రొయ్యపప్పు గుప్పెడు బయటికొచ్చింది. తల్లీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొద్దున్నుంచీ దాని పక్కనే కూర్చొని తోమారు ఇద్దరూ. నవ్వొచ్చింది, నవ్వే ఓపిక లేదు.

వాకిట్లో ఉన్న మంచం చూసి సుహాసిని దూరం నుంచే చెయ్యి చూపించింది. మంచానిది నవారు అల్లిక. పట్టీ పట్టీలోకీ చేపనీరు ఇంకింది. దాన్ని విప్పి, ఉడుకునీళ్ళలో చింతపండు పిప్పీ ఉప్పూ వేసి నానబెట్టి, బండకేసి బాదారు. ఎండ ఎక్కడ తగ్గిపోతుందోనని మరిడమ్మ నిమిషానికోసారి ఆకాశం చూసింది. దడి మీద పరిచిన నవారు చుట్టూ, ఆరబెట్టిన బొంతల చుట్టూ తిరుగుతూనే ఉంది. కాసేపు కూకోమని హేమ రెండుసార్లు అంది. కూర్చుంటే లేచి నిలబడాలనిపించింది, నిలబడితే నడవాలనిపించింది.

ఎండ పడమటికి తిరిగే వేళకి అన్నీ ఇంట్లోకి చేరాయి. చింతపండు అయిపోయింది, ఉప్పు జాడీ అడుగంటింది, పొయ్యిలో బూడిద లేదు. సుహాసిని చివరిసారి వచ్చింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. లోపలిదాకా నడిచి, వెనక గదిలో మంచం పక్కన నిలబడి, కళ్ళు మూసుకొని గాలి పీల్చింది.

"లేదండీ. అస్సలు లేదు" అంది. ఆమె ముఖంలోనూ సంతోషం కనిపించింది.

మరిడమ్మకి ప్రాణం లేచొచ్చింది. "నీ కడుపు సల్లగుండ తల్లీ" అంటూ దగ్గరికి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. సుహాసిని చటుక్కున మొహం పక్కకి తిప్పేసింది. ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని వాకిట్లోకి పరుగెత్తి, గోడ వారగా వంగి వాంతి చేసుకుంది.

"ఇంకా ఎక్కడున్నాదే?" మరిడమ్మ కంగారుగా హేమని అడిగింది. హేమ తల్లి వంక చూసి తల దించుకుంది. సుహాసిని కూడా నోరు కడుక్కొని వచ్చి, చూపు నేల మీదే పెట్టుకుంది.

"సెప్పండే, ఎక్కడున్నాది?"

"ఇంట్లో కాదండీ" అంది సుహాసిని.

మరిడమ్మ తన అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకొని చూసుకుంది. జడ ముందుకి లాగి చూసుకుంది. చింతపండు పులుపు తప్ప ఏమీ తెలియలేదు. సిగ్గు ముంచుకొచ్చింది. పొద్దున్నుంచీ తలుపులో, తూములో, మంచంలో వెతికిన దొంగ తనే. పెరట్లోకి పరుగెత్తింది. మిగిలిన నిమ్మచెక్కలు తెచ్చుకొని చేతులు, మెడ, చెవుల వెనక తోలు మండేదాకా రుద్దుకుంది. హేమ వాడే సబ్బు తీసుకొని నెత్తి నుంచి నీళ్ళు పోసుకుంది. పెట్టెలోంచి పెళ్ళిళ్ళకి కట్టుకునే చీర తీసి కట్టుకుంది. బయటికొచ్చి టీచరమ్మ ముఖం వంక ఆశగా చూసింది. మంచి మనిషి, అబద్ధం ఆడదామని చూసింది పాపం. ముఖం ఆడనివ్వలేదు.

అప్పుడే సందు చివర ఆటో ఆగిన చప్పుడైంది. చేతిసంచితో నారాయణమ్మ దిగుతోంది.

"ఒసే, నాను సంతకెల్లినానని సెప్పు" అంది మరిడమ్మ గబగబా. "రాత్రిదాకా రాదని సెప్పు. ఇల్లు సూపించు. మంచిగా మాటాడు." హేమ ఏదో అనబోయేలోపే పెరటి దడి దాటి, చుట్టు తిరిగి, రోడ్డుకి అవతలున్న కల్వర్టు గట్టు మీద వెళ్ళి కూర్చుంది. తడి జుట్టు మీద కొంగు కప్పుకుంది.

అక్కడి నుంచి ఇల్లు బాగా కనిపిస్తోంది. కడిగిన గుమ్మం, కడిగిన కిటికీ. నారాయణమ్మ లోపలికి వెళ్ళడం కనిపించింది. ఆ తర్వాత ఏమీ కనిపించలేదు. మరిడమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంది, విప్పింది, చుట్టుకుంది. వెనక గదికి వెళ్ళి ఉంటుంది. తలుపు దగ్గర ఆగి ఉంటుంది. అమ్మవారిని తలుచుకుందామంటే, ఆ అమ్మవారి మీద చేసిన ప్రమాణమే తప్పింది కదా, ఏ ముఖంతో తలుచుకోవడం? ఊరంతటికీ వాకిట్లో నిలబడి బతికింది, దానికి ఏనాడూ ఏడవలేదు. ఇప్పుడు సొంత ఇంటికి బయట దొంగలా కూర్చుంటే కళ్ళ నీళ్ళు ఆగలేదు. అది అద్దె ఇల్లే. అయినా ఆమెకి సొంత ఇల్లనే అనిపించింది.

వాళ్ళు బయటికొచ్చారు. నారాయణమ్మ గొంతు పెద్దది, రోడ్డు దాకా వినిపించింది.

"ఏం టీచరమ్మా, పోన్లోన ఉండనేకపోతన్నానన్నావు. నాకేటీ తగల్నేదు. ఉన్నాదా, నేదా?"

"లేదండీ. పొద్దున్నుంచీ కడిగారు. నేనే ప్రతి గదీ చూశాను. ఇంక నాకేం ఇబ్బంది లేదు."

"మరింకేటి. ఉండండమ్మా. పిల్ల పరీచ్చలు సక్కగా రాసుకోనీ" అంది నారాయణమ్మ. మరిడమ్మ కల్వర్టు మీదే కళ్ళు మూసుకుంది. అంతలో మళ్ళీ ఆ గొంతే. "ఇంతకీ మీ అమ్మేదీ?"

సంతకెళ్ళిందని చెప్పు. చెప్పవే. చెప్తే అయిపోతుంది. మరిడమ్మ ముఖం అటు తిప్పుకొని, కొంగు ఇంకాస్త ముందుకి లాక్కుంది. హేమ గొంతు ఎంతకీ వినిపించలేదు. తర్వాత వినిపించింది, సందంతా వినేలా వినిపించింది.

"అదిగో, కల్వర్టు మీద కూకున్నాది. అమ్మా! రా!"

మరిడమ్మ లేవలేదు. హేమ పరుగున రోడ్డు దాటి వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఎందుకే పిలిసినావు? అంతా సక్కబడిపోయింది గదే" అంటే, "నువ్వు బైటుంటే నానొక్కదాన్ని ఆ ఇంట్లోన ఏటి సదువుతాను?" అంది హేమ ఏడుపు గొంతుతో. గట్టిగా పట్టుకొని లాక్కుపోయింది. బస్సులో పక్క సీటు గురించి అన్న పిల్ల తల్లి భుజానికి భుజం ఆనించుకొని నడిచింది.

వాకిట్లోకి రాగానే మరిడమ్మ కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. అమ్మకానికి వచ్చినప్పుడు నిలబడే చోటే అది. నారాయణమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఏదో అనబోయి ఆగి, ముక్కు ఎగబీల్చింది.

"అదేటి? ఇంట్లోన నేదు గాని, ఇప్పుడొస్తన్నాది?"

సుహాసిని గోడ వంక చూస్తోంది. హేమ చెయ్యి మరిడమ్మ చేతిలో బిగుసుకుంది. పొద్దున్నుంచీ ఈ మాట ఎవరి నోటి నుంచి వస్తుందోనని ఆమె కుదురుగా నిలబడలేదు, కూర్చోలేదు. తీరా వచ్చేసరికి ఆమెలో గుబులంతా ఒక్కసారిగా కోపమై లేచింది.

"అది నానేనమ్మా" అంది. "ఇల్లు కడిగినాను. తలుపు కడిగినాను. తూము కడిగినాను. నన్నూ కడుక్కున్నాను, తోలూడిపోయేలాగ కడుక్కున్నాను. ఇది పోదు. నాను పుట్టిన కాడి నుంచి నాతోటే ఉన్నాది. మాట తప్పి సరుకు లోపలెట్టినాను, తప్పే. ఇంకెప్పుడూ సరుకు గుమ్మం దాటదు. నాను మాత్రం దాటతాను. నానూ దాటకూడదంటావా, ఇప్పుడే సెప్పీ. నా గుంటని తీసుకొని ఎల్లిపోతాను. సదువు పోతే పోనీ."

అనేసింది. ఈ నెలలోనే పరీక్షలు పెట్టుకొని ఈ నోరెందుకు పారేసుకున్నానా అనుకుంది. నారాయణమ్మ ఆమెని పైనుంచి కిందికి చూసింది. పెళ్ళిచీర, తడి జుట్టు, మెడ మీద నిమ్మచెక్కతో రుద్దిన ఎర్రటి గీతలు. రాజాం నుంచి తిట్టడానికే వచ్చిన మనిషి, తను నిలబడ్డ గుమ్మం వంక చూసుకుంది.

"మరయితే నానేటి, ఇంత లావు మనిషిని గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయినాను" అంది చివరికి. పక్కకి జరిగింది. "దాటు."

మరిడమ్మ వెంటనే కదల్లేదు. హేమ వెనక నుంచి మెల్లిగా తోసింది. మరిడమ్మ మెట్టెక్కి గడప దాటింది. కల్వర్టు దగ్గర మట్టంటిన తడి పాదాల గుర్తులు తెల్లటి గచ్చు మీద ఒక్కొక్కటే పడ్డాయి.

"ఓలమ్మ, కాళ్ళు! ఇప్పుడే గదా కడిగినావు!" అని వెనక నుంచి నారాయణమ్మ కేక వేసింది.

మరిడమ్మ వినిపించుకోలేదు. ముందుగది మధ్యలోకి వెళ్ళి, పెళ్ళిచీర నలిగితే నలిగిందని ఆ చల్లటి గచ్చు మీద చతికిలబడింది. రెండు కాళ్ళూ చాపుకుంది. ఆ రోజు ఆమె తన ఇంట్లో స్థిమితంగా కూర్చోవడం అదే మొదటిసారి.